పాట వెంట ఊరికి

(శతవార్షికోత్సవ సభలలో స్వస్థత పరిచర్య దినమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట మాకు అప్పగించిన అంశము సంగీతము, స్వస్థత. ఆ మాట వినగానే కొందరికి గొప్ప విద్వాంసులు, వీణలు, వేదికలు జ్ఞాపకము రావచ్చును. మేము చెప్పబోవునది అంత పెద్ద సంగతి కాదు. కర్నూలు సీమలో ఒక వృద్ధుల గృహము, దాని వరండా, గురువారము సాయంకాలము నాలుగు గంటల వేళ గుండ్రముగా వేసిన పదిపన్నెండు కుర్చీలు, ఒక హార్మోనియము, ఒక కంజిర, మధ్యలో నేలమీద పరచిన ఒక గుడ్డ పటము. ఇంతే మా సరంజామా. మేము అనగా సంఘకాపరి ఒకరు, స్త్రీల మైత్రి నుండి ముగ్గురు, యౌవనుల సమాజము నుండి ఇద్దరు, ఉద్యోగ విరమణ చేసిన నర్సమ్మగారు ఒకరు. మూడు సంవత్సరములుగా ఈ ఏడుగురము అక్కడ నేర్చుకొన్నది, అక్కడ చేసిన ఒక తప్పు, ఆ తప్పు దిద్దుకొన్న విధము మీ ముందు పెట్టుచున్నాము.

సంగీతముతో స్వస్థత అనగానే మొదటి సమూయేలు గ్రంథము 16వ అధ్యాయము మన నోటికి వచ్చును. సౌలు రాజు కలత చెందినప్పుడు దావీదు సితారా వాయించినాడు, రాజు సేదదీరినాడు. ఈ భాగము మీద మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. అయితే రెండు అధ్యాయములు దాటి 18వ అధ్యాయమునకు రండి. అదే దావీదు, అదే సౌలు. దావీదు వాయించుచుండగానే సౌలు ఈటె విసిరినాడు. ఈ భాగము మీద ప్రసంగములు తక్కువ. సంగీతము మందువంటిదని మనము చెప్పుదుము గదా. మందువంటిదే అయినచో, ఎవరికి, ఎప్పుడు, ఎంత అని చూచి ఇవ్వవలసినదే. ఈ మాట మాకు వేదాంత కళాశాలలో ఎవరును చెప్పలేదు. వరండాలో కూర్చున్న ఒక అవ్వ నేర్పినది. ఆ సంగతి తరువాత చెప్పెదము.

మన కాలములో ఇది ఒక చదువుగా ఎట్లు ఏర్పడినదో రెండు మాటలు చెప్పవలెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికాలోని ఆసుపత్రులలో గాయపడిన సైనికులకు సంగీతము వినిపించి, వారితో పాడించి, దానివలన కలుగు మేలును వైద్యులు గమనించినారు. మంచి గొంతు ఉంటే చాలదు, దీనికి శిక్షణ కావలెనని తెలిసికొన్నారు. 1944లో మిచిగన్ రాష్ట్ర కళాశాలలో ఈ విద్యకు మొదటి పట్టా తరగతి ప్రారంభమైనది. 1950లో ఆ దేశమున ఈ పని చేయువారి జాతీయ సంఘము ఏర్పడినది. ఇంగ్లండులో జూలియట్ ఆల్విన్ అను వాద్యకళాకారిణి 1958లో ఇట్టి సంఘమునే స్థాపించినారు. శిక్షణ పొందిన సంగీత చికిత్సకులు ముందుగా రోగి స్థితిని పరీక్షించి, ఒక గురి పెట్టుకొని, దానికి తగిన పాటను, వాద్యమును ఎన్నుకొని, ఫలితమును వ్రాసి ఉంచుదురు. మేము అట్టివారము కాము. వారి పద్ధతులలో మాకు అందినంత నేర్చుకొని, డాక్టరుగారు, నర్సమ్మగారు గీసిన హద్దు దాటకుండ, పెద్దలతో కలిసి పాడుచున్నాము. మందు మాన్పించి పాట పెట్టుట మా పని కాదు.

ఇక పాటలకు, ప్రయాణమునకు, భూగోళమునకు సంబంధమేమని మీరు అడుగవచ్చును.

వృద్ధుల గృహములో చేరిన మనిషికి లోకము ఎంతదో మీరెప్పుడైనను ఆలోచించినారా? మంచము నుండి స్నానాల గదికి పన్నెండడుగులు. అక్కడ నుండి భోజనశాలకు ముప్పది అడుగులు. భోజనశాల నుండి వరండాకు ఇంకొక ఇరువది. గేటు అవతల రోడ్డు ఉన్నది గాని అది చూచుటకే. ఒకనాడు కాలినడకన కొండలు దాటినవారు, రైళ్ళు నడిపించినవారు, సముద్రముల మీదుగా పోయినవారు ఈ అరువది డెబ్బది అడుగుల దేశములో కాపురముంటున్నారు. మనము పండుగకు అరటిపండ్లు, బ్రెడ్డు పట్టుకొని పోయి, "తాతా, బాగున్నావా?" అని అడిగి, ప్రార్థన చేసి వచ్చుచున్నాము. ఆ తాత ఎక్కడెక్కడ తిరిగి వచ్చినాడో అడుగము.

అడిగినను నేరుగా చెప్పలేరు. "నీ జీవితమును గురించి చెప్పు" అంటే ఎవరు చెప్పగలరు? అయితే మనిషి తన పది ఏండ్ల ప్రాయము నుండి ముప్పది ఏండ్ల వరకు జరిగిన సంగతులను ముసలితనములో మిక్కిలి గట్టిగా జ్ఞాపకముంచుకొనునని మనస్తత్వ శాస్త్రవేత్తలు గుర్తించినారు. ఆ ఏండ్లలో నేర్చిన పాటలును అట్లే నిలిచియుండును. పాట ఒంటరిగా రాదు. నేర్చిన చోటును, నేర్పిన మనిషిని, ఆనాటి ఎండను, వానను వెంటబెట్టుకొని వచ్చును.

కనుక మేము జీవితమును గురించి అడుగుట మాని, పాటను గురించి అడుగుట మొదలుపెట్టినాము. నాలుగే ప్రశ్నలు. ఈ పాట ఎక్కడ నేర్చుకొన్నావు? ఎవరు పాడుతుండిరి? ఆ ఊరికి ఏ దారిన పోవలెను? దారిలో ఏమేమి కనబడును? ఈ జవాబులను బట్టి పటము మీద ఆ ఊరి దగ్గర ఒక బొత్తాము కుట్టుదుము. ఊరికి ఊరికి నడుమ నూలుపోగు వేయుదుము.

పటము సంగతి కొంచెము చెప్పవలెను. రెండు పాత దుప్పట్లను కలిపి కుట్టి, బడి అట్లాసును చూచి మా యౌవనులు గీసినారు. పడమట ఆదోని, కోసిగి. తూర్పున గుంటూరు. నడుమ నంద్యాల. తుంగభద్ర కర్నూలు దాటి పోయి కృష్ణలో కలియుట నీలపు ఊలుతో కుట్టినారు. నల్లమల కొండలకు పచ్చ గుడ్డ, రైలు దారికి నల్లదారము. శ్రీశైలము జలాశయమునకు ఒక నీలపు గుడ్డ ముక్కను కత్తిరించి నాలుగు వైపుల గట్టిగా కుట్టినారు. ఈ నీలపు గుడ్డను మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

మొదటి నెలలో మేము బైబిలులోని యాత్ర కీర్తనలతో మొదలుపెట్టినాము. 120వ కీర్తన మొదలు 134వ కీర్తన వరకు పదునైదు కీర్తనలున్నవి. పండుగలకు యెరూషలేమునకు ఎక్కిపోవు యాత్రికులు వీటిని పాడుకొనేవారని పెద్దలు చెప్పుదురు. ఎక్కిపోవుట అనునది ఊరికే అన్న మాట కాదు. యెరికో పట్టణము సముద్రమట్టమునకు సుమారు 250 మీటర్లు దిగువన ఉన్నది. యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్లు ఎగువన ఉన్నది. నడుమ దూరము పాతిక కిలోమీటర్లు మాత్రమే. అనగా ఒక దిన ప్రయాణములో మనిషి వేయి మీటర్ల ఎత్తు ఎక్కవలెను. ఈ లెక్క మేము చెప్పుచుండగా, బొట్టు పెట్టుకొని ఒక మూలన కూర్చున్న పెద్దాయన నవ్వినారు. ఆయన క్రైస్తవుడు కాడు. పాట వినుటకు వచ్చి కూర్చొనేవారు.

"మేము ఆత్మకూరు దారిన నల్లమల ఎక్కి శ్రీశైలానికి నడిచి పోతాంటిమి అయ్యగారూ. ఎక్కేటప్పుడు పాట పొట్టిగ ఉండల్ల. పొడుగు పాటెత్తుకుంటే ఊపిరాడదు. పొడుగు పాటలన్నీ దిగేటప్పుడే" అన్నారు.

ఆ రాత్రి ఇంటికి పోయి యాత్ర కీర్తనల వచనములు లెక్కపెట్టినాము. 132వ కీర్తన ఒక్కటి తప్ప తక్కిన పదునాలుగింటిలో ఏదియు తొమ్మిది వచనములు మించలేదు. మూడేసి వచనములు గలవి మూడున్నవి. వేదాంత కళాశాలలో ఈ కీర్తనలను పంక్తి పంక్తిగా చదివి పరీక్ష వ్రాసినాము. అవి పొట్టిగా ఉన్నవను సంగతి మాకు తట్టలేదు. కొండ ఎక్కిన మనిషి విన్న వెంటనే ఆ పొట్టి పాటల గుట్టు పట్టినాడు.

అక్కడ నుండి పాటలు వాటంతట అవే రాసాగినవి. కోసిగి వైపు నుండి వచ్చిన ఒక అమ్మ, వయసులో ఉన్నప్పుడు ప్రతి యేడు సుగ్గికి పోయినది. వానలు లేక పనులు నిలిచిపోయినప్పుడు ఆ ప్రాంతపు కూలిజనము పిల్లాజెల్లతో మూటాముల్లె కట్టుకొని గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు పోవుటను సుగ్గి అందురని మీకు తెలియనిది కాదు. ఆమె సుగ్గిపాట పాడుచు గిద్దలూరు, కంభము, మార్కాపురము, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు అని రైలు దారిని వరుసగా చెప్పినది. ఆమెకు చదువు రాదు. పటము చూచుట ఎన్నడు ఎరుగదు. కాని ఏ ఊరి దగ్గర నేల రంగు మారునో, ఏ ఊరి నీళ్ళు ఉప్పనో, ఎక్కడ పొలము దుబ్బగా నుండి కాలికి మెత్తగా తగులునో అన్నియు చెప్పినది. మా యౌవనులు పటము మీద రంగులు మార్చుకొనవలసి వచ్చినది.

రాజంపేట వైపు నుండి వచ్చి, ఈ మధ్యనే చేరిన మరొక అమ్మ కువైటులో ఇరువది యేండ్లు ఇంటిపని చేసినది. కడప సీమ నుండి ఎందరు ఆడపిల్లలు ఆ విధముగా పోయినారో మనకు తెలియును. ఆమె నేర్చిన పాట అరబీ భాషలో ఒక జోలపాట. అక్కడి బిడ్డలను ఆ పాటతోనే నిద్రపుచ్చినదట. అర్థము మాకు తెలియదు. అందరము నోరు మూసుకొని ఊఁ కొట్టుచు రాగము మాత్రము కలిపినాము. పాట అయిన తరువాత ఆమె అన్నది: "ఈడ మా అమ్మ నా పిల్లల్ని తొమ్మిదికి పండబెట్టేది. ఆ యాళకు ఆడ ఆరున్నర. నేను వాళ్ళ పిల్లలకు అన్నం పెడుతుంటి."

యౌవనులలో ఒకరు లెక్క చెప్పినారు. మన దేశపు గడియారము కాకినాడ ప్రక్కగా పోవు 82½ డిగ్రీల రేఖాంశమును అనుసరించును. కువైటు గడియారము 45 డిగ్రీల రేఖాంశమును అనుసరించును. నడుమ తేడా 37½ డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున 150 నిమిషములు, అనగా రెండున్నర గంటలు. బడిలో ఈ లెక్క మనమందరము చేసి మార్కులు తెచ్చుకొన్నవారమే. ఆ రెండున్నర గంటలలో ఒక తల్లి ఇరువది యేండ్లు కాపురము చేసినదని మాకు ఆనాడే తెలిసినది. 120వ కీర్తనలో పరదేశమున నివసించినవాడు కేదారు గుడారములను తలంచి దుఃఖించినాడు. కేదారీయులు అరబీ ఎడారిలో గుడారములు వేసికొని తిరిగిన జనము. ఆ కీర్తనను ఆమె అడిగి రెండుసార్లు చదివించుకొన్నది.

ఇక రైల్వేలో గ్యాంగుమనిషిగా పనిచేసిన తాత సంగతి. ఆయనకు పక్షవాతము వచ్చి కుడిచేయి, మాట రెండును పడిపోయినవి. ఏది అడిగినను "అదే, అదే" అనుట తప్ప వేరు మాట రాదు. అయితే చిన్ననాట నేర్చిన కీర్తన ఎత్తుకొంటిమా, మాటలతో సహా చరణములన్నియు పాడును. ఇది అద్భుతమని మేము అనుకొన్నాము. ఇది వైద్యులు ఎరిగినదే అని డాక్టరుగారు వివరించినారు. సాధారణముగా మాట పలికించు శక్తి మెదడులో ఎడమవైపున ఉండును. పాటకు రెండు వైపులును పనిచేయును. అందుచేత ఎడమవైపు దెబ్బతిన్నను పాట నిలిచియుండవచ్చును. దీనిని ఆధారము చేసికొని 1973లో అమెరికాలోని బోస్టనులో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనువారు ఒక పద్ధతిని ప్రకటించినారు. చిన్న మాటను రాగముగా లాగి, ఎడమచేతితో తాళము వేయించుచు పలికించుట ఆ పద్ధతి.

డాక్టరుగారు చూపిన ప్రకారము మేము ఆ తాత ఎడమచేతిని ఆయన మోకాలి మీద తాళము వేయించుచు, ఆయనకు వచ్చిన కీర్తన రాగములోనే నంద్యాల నుండి వరుసగా స్టేషను పేర్లు పాడినాము. నంద్యాల, గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట, గిద్దలూరు. మూడు వారములు ఆయన పెదవులు కదిలించినారు. నాలుగవ వారము మేము గాజులపల్లె అని ఆగితిమి. ఆయన తలయెత్తి "చెలమ" అన్నారు. ఆపైన ఎవరును అడుగకుండనే "దొరబావి" అన్నారు. అడవిలో, చెలమకు దగ్గర, మీటరు గేజి కాలములో ఉండిన ఎత్తయిన వంతెన అది. 1990ల దశకములో దారి మారి పెద్ద పట్టాలు వచ్చిన తరువాత ఆ వంతెనను విప్పివేసినారు. ఆయన వయసంతయు ఆ దారిన పట్టాలు చూచుచు నడిచిన మనిషి. ఆయనకు మాట పూర్తిగా తిరిగి వచ్చినదని మేము చెప్పము. పది పదునైదు మాటలు వచ్చినవి. వాటిలో సగము ఊళ్ళ పేర్లే.

ఇంతవరకు చెప్పినది వినువారికి ఇంపుగా ఉండును. ఇప్పుడు మా తప్పు చెప్పెదము.

రెండవ సంవత్సరము మొదట్లో, పని చక్కగా సాగుచున్నదను సంతోషములో, "స్వంత ఊరు" అను అంశమును ఎన్నుకొన్నాము. ప్రతి ఒక్కరు లేచి వచ్చి, తమ పుట్టిన ఊరిని పటము మీద వ్రేలితో చూపి, ఆ ఊరి పాట ఒకటి పాడవలెను. ఇది మా ఏర్పాటు. ముందుగా నర్సమ్మగారికి కూడ చెప్పలేదు. ఒకరి తరువాత ఒకరు వచ్చి చూపినారు, పాడినారు, చప్పట్లు కొట్టినాము. తరువాత ఎనుబదికి దగ్గరపడిన ఒక అవ్వను పిలిచితిమి. ఆమె ప్రతి వారము వచ్చి, పాడక, విని పోయేది. వంగి చాలసేపు పటము చూచినది. చివరకు ఆ నీలపు గుడ్డ మీద చేయి పెట్టినది.

మేము నవ్వుచు, "అవ్వా, అది నీళ్ళు. ఊరు చూపు" అంటిమి.

"నీళ్ళే నాయనా" అన్నది. అని, చేతికర్ర తీసికొని లోపలికి పోయినది. మూడు గురువారములు రాలేదు.

శ్రీశైలము జలాశయము 1981లో నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు నూరు గ్రామములు మునిగిపోయినవని మనలో ఎందరికో తెలియును. కొందరు ఆ గ్రామములవారే ఈ సభలో కూర్చున్నారు. సంగమేశ్వరము గుడి వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు పైకి కనబడుటయు మీకు తెలియును. తెలిసియు మేము ఆ గుడ్డను నాలుగు వైపుల గట్టిగా కుట్టివేసినాము. ఏమి తోచక, ఆలోచించక చేసిన పని. ఆ నీలపు గుడ్డ క్రింద ఊళ్ళు ఉండినవని మాలో ఒక్కరికిని తట్టలేదు.

ఆ మూడు వారములలో ఒక ఆదివారము మా పాఠము 137వ కీర్తన. ఎన్నోసార్లు ప్రసంగించిన కీర్తన. బబులోను నదుల యొద్ద కూర్చున్న చెరవారిని, చెరపట్టినవారు సీయోను పాట ఒకటి పాడుమని అడుగుట అందులో ఉన్నది. ఆ మాట చదువునప్పుడు గొంతు ఆగిపోయినది. ఎల్లప్పుడును మనము ఆ కీర్తనలో ఏడ్చినవారి ప్రక్కన నిలుచుందుము. ఆ దినము మేము అవతలి వైపున కనబడినాము. ఊరు పోగొట్టుకొన్న మనిషితో ఊరి పాట పాడుమని, సంతోషముగా పాడుమని అడిగినవారము మేమే. పాడుట మేలు చేయును నిజమే. పాడుమని అడుగుట ఒక్కొక్కసారి గాయము చేయును. సౌలు ఎదుట వాయించిన దావీదునకు ఈటె తగులబోయినది. ఇక్కడ ఈటె విసిరినవారము వాయించు మేమే.

నర్సమ్మగారి దగ్గరకు పోయి జరిగినది చెప్పితిమి. ఆమె మమ్ములను గద్దించలేదు. "అయ్యగారూ, పుండు కట్టు విప్పేముందు చేతులు కడుక్కుంటాము, దూది దగ్గర పెట్టుకుంటాము. మీరు దూది లేకుండా కట్టు విప్పారు" అన్నారు. ఆ తరువాత అవ్వ మంచము దగ్గరకు పోయి, "అవ్వా, తప్పయినది" అని చెప్పితిమి. ప్రసంగము చేయలేదు. ప్రార్థన కూడ ఆమె అడుగకుండ చేయలేదు. ఆమె మా ముఖము చూచి, "కాఫీ తాగినావా నాయనా?" అన్నది. అంతే.

అది మొదలు పద్ధతి మార్చుకొన్నాము. ఇంటి పాట అడుగము, దారి పాట అడుగుదుము. దారిలో ఎంత దూరము పోవలెనో, ఎక్కడ ఆగవలెనో పాడువారి ఇష్టము. లేచి రమ్మని ఎవరిని పేరు పెట్టి పిలువము.

నాలుగవ వారము అవ్వ వచ్చి తన కుర్చీలో కూర్చున్నది. ఆ దినము బండిపాటలు. నదికి అటుప్రక్కనుండి వచ్చిన ఒక పెద్దాయన ఒకప్పుడు ఎడ్లబండి మీద సంతకు పోవుచు పాడుకొన్న పాట ఎత్తుకొని, దారిలోని ఊళ్ళ పేర్లు చెప్పుచున్నారు. రెండు పేర్లు తారుమారు చేసినారు. అవ్వ కూర్చున్నచోటనే, "అది ముందు కాదు, ఇది ముందు" అన్నది. ఆయన మరల మొదలుపెట్టి మరల తప్పినారు. అప్పుడు అవ్వే ఎత్తుకొన్నది. అది బండిపాట కాదు, వరినాట్లలో ఆడవారు పాడిన పాట. ఏ ఊరి కూలీలు ముందు వచ్చిరి, ఏ ఊరి కూలీలు వెనుక వచ్చిరి అని ఏటిగట్టున ఉన్న ఊళ్ళను వరుసగా పిలిచి వేళాకోళము చేయు పాట. పదకొండు ఊళ్ళ పేర్లు వచ్చినవి. మా యౌవనులు వ్రాసికొనుచు అట్లాసు త్రిప్పుచున్నారు. పదకొండింటిలో ఎనిమిది అందులో లేవు.

పాట ముగిసిన తరువాత అవ్వ, "కత్తెర ఉండాదా?" అని అడిగినది. కత్తెర ఇచ్చినాము. ఆమె నేలమీద కూర్చొని, నీలపు గుడ్డకు మూడు వైపుల ఉన్న కుట్లను విప్పినది. పైవైపు కుట్టును మాత్రము ఉంచినది. గుడ్డ తలుపువలె పైకి లేచినది. "ఈ కింద రాయండి" అన్నది. యౌవనులు ఆ ఎనిమిది ఊళ్ళ పేర్లు ఆమె చెప్పిన వరుసలో వ్రాసినారు. అన్నిటికంటె కడపట తన ఊరి పేరు చెప్పినది. అక్కడ ఒక తెల్ల బొత్తాము తానే కుట్టినది. తరువాత గుడ్డను క్రిందికి దించి, చేతితో సర్ది, "ఎండాకాలం లేపుదాం, వానాకాలం మూద్దాం" అని నవ్వినది. వ్రాసికొన్న ఇద్దరు యౌవనులలో ఒకరు ఆ రాత్రి ఇంటికి పోయి తమ నాయనమ్మను అడుగగా, ఆ ఎనిమిదింటిలో ఒకటి ఆమె పుట్టిన ఊరే అని తెలిసినది. అంతవరకు ఆ ఇంటిలో ఆ పేరు ఎవరును ఎత్తలేదు.

ప్రియులారా, ఈ పని మీ పాస్టరేటులలో చేయదలచినవారికి మా అనుభవము నుండి కొన్ని మాటలు.

పదిపన్నెండుగురికి మించి కూర్చుండబెట్టవద్దు. ముప్పావు గంట చాలును. మొదటి పాట, చివరి పాట ప్రతి వారము ఒకటే ఉండనివ్వండి. మతిమరుపు ఉన్నవారికి అది ఇంటి గడపవంటిది. శ్రుతి తగ్గించి పట్టుకొనండి. మన కీర్తనల పుస్తకములో ప్రతి కీర్తన మీద రాగ తాళములు వ్రాసియున్నవి గాని ముసలివారి గొంతు ఎంత ఎత్తునకు పోవునో వ్రాసిలేదు. చెవి తక్కువైనవారిని వాద్యము ప్రక్కన, పెద్ద ధ్వనికి బెదరువారిని దూరముగా కూర్చుండబెట్టండి. మన కీర్తనలే పాడవలెనని పట్టుబట్టవద్దు. జోలపాట, నాటుపాట, సినిమాపాట, ఏదైనను అది ఆ మనిషి వచ్చిన దారి. కన్నీరు వచ్చినచో పాట ఆపి హడావిడి చేయవద్దు. రాగము మెల్లగా నడుపుచు ప్రక్కన ఒకరు చేయి పట్టుకొని కూర్చుంటే చాలును. ఎంత దూరము పోయినను ముగించునప్పుడు అందరిని మరల వరండాకు తీసికొని రండి. ఈ దినము ఏ వారము, రాత్రికి ఏమి వంట, రేపు ఎవరు వచ్చెదరు, ఇట్టి మాటలతో ముగించండి. బయలుదేరినవారిని తిరిగి చేర్చవలసిన బాధ్యత బండి తోలువానిది. వైద్యులతో, నర్సులతో ముందుగా మాట్లాడనిది మొదలుపెట్టవద్దు. తప్పు చేసినచో చేసినామని ఆ మనిషితోనే చెప్పండి.

ఇక చివరి మాట. ఈ శతవార్షిక సంచికలో మన అధ్యక్ష మండలపు సంఘముల పటము అచ్చగుచున్నది. చక్కని పటము. పాస్టరేటులు, గుళ్ళు, బడులు, ఆసుపత్రులు అన్నియు గుర్తించినారు. జలాశయము కూడ నీలముగా వేసినారు. ఆ నీలము క్రింద మన పెద్దలు మోకరించిన చిన్న చిన్న ప్రార్థన గృహములు ఉండినవి. అక్కడ బాప్తిస్మము పొందినవారు, పెండ్లి చేసికొన్నవారు, తమవారిని సమాధి చేసినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. నూరేండ్ల చరిత్ర వ్రాయుచున్నప్పుడు ఆ ఊళ్ళను మరచిపోయినచో, మేము గుడ్డను నాలుగు వైపుల కుట్టినట్లే అగును.

కాబట్టి మీలో ఎవరికి ఆ ఊళ్ళ పేర్లు తెలియునో, అక్కడ పాడిన పాటలు ఎవరికి వచ్చునో, దయచేసి వ్రాసి పంపండి. వ్రాయలేనివారు మీ మనుమని పిలిచి చెప్పండి. అచ్చయిన పటము ప్రక్కన ఇంకొక పుట చేర్చుటకు సంచిక సంపాదకులు అంగీకరించినారు. వ్రాయుటకు మనసు ఒప్పనివారిని మేము బలవంతపెట్టము. గురువారము నాలుగు గంటలకు వరండాలో కుర్చీ వేసియుండును. వచ్చి ఊరకే కూర్చుండవచ్చును.